కత్తెరతోక పిట్టలు నిలబడ్డ చోటు

ఆ పొద్దున పిట్టలమ్మ పనికి బయల్దేరుతుంటే అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

“ఎక్కడికే?”

“పనికి.”

“మొగుడూ మరిదీ సముద్రంలో ఉంటే నువ్వు పిట్టలు చూపించడానికి పోతావా? నలుగురూ ఏమనుకుంటారు?”

పిట్టలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, అత్త మోకాళ్ళు దాటి బయటికి అడుగేసింది. వెనక గోడకు చేరగిలబడి కూర్చున్న తోడికోడలు తలెత్తి చూసింది. ఆ పిల్ల రాత్రంతా కన్ను మూయలేదు. కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంట్లో అందరూ ఆమెను చిన్నది అనేవారు.

“అక్కా, ఏమన్నా తెలిస్తే...” అంది చిన్నది.

“పరిగెత్తుకుంటూ వస్తా.”

అన్నదమ్ములిద్దరూ ముందురోజు తెల్లవారకముందే వేటకు వెళ్ళారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. తక్కిన పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి రేవుకు చేరుకున్నాయి. వాళ్ళ పడవ మాత్రం రాలేదు. ఫోన్లు సముద్రంలో పనిచెయ్యవు. చీకటి పడ్డాక చెయ్యగలిగింది లేక ఆగి, తెల్లారగానే రేవులో ఉన్న పడవలన్నీ దక్షిణం వైపు వెతకడానికి బయల్దేరాయి. గాలి అటే తోసి ఉంటుందని పెద్దవాళ్ళ లెక్క.

ఇంట్లో కూర్చుంటే పిట్టలమ్మకు పిచ్చెక్కేలా ఉంది. అయితే ఆమె పనికి వెళ్ళింది అందుకు కాదు. ముందురోజు సాయంత్రం, ఆమె వచ్చినవాళ్ళకు పిట్టలు చూపించే లాడ్జిలో దిగిన ముసలి దంపతుల సామాను గదికి చేర్చింది ఆమే. అందులో పొడవాటి నల్ల పెట్టె ఒకటుంది. “జాగ్రత్తమ్మా, అది స్కోపు. చందమామ మీద గుంటలు కూడా కనిపిస్తాయి” అన్నాడు ఆ పెద్దాయన. పిట్టలమ్మకు ఉన్నది పాత బైనాక్యులర్స్. అందులోనూ ఒక అద్దానికి బూజు పట్టింది. మడుగుకూ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ మీద ఉన్న చెక్క టవరు ఆ తీరం మొత్తంలో ఎత్తైన చోటు. ఆ టవరు మీద ఆ స్కోపు పెట్టి సముద్రం వైపు తిప్పాలి. రాత్రంతా ఆమె బుర్రలో ఇదొక్కటే తిరిగింది.

లాడ్జి మేనేజరు ఆమెను చూసి కంగారు పడ్డాడు.

“నువ్వెందుకొచ్చావ్? వేరే ఎవర్నైనా పంపేవాణ్ణి కదా?”

“నేనే వెళ్తాను సార్.”

అతను చెడ్డవాడేమీ కాదు. ఆమె మొహం చూసి ఇక వాదించలేదు. గొంతు తగ్గించి, “సరే. వాళ్ళకు మాత్రం ఈ సంగతి చెప్పకు. పెద్దవాళ్ళు. ప్రశాంతంగా నాలుగు పిట్టలూ ఒక సూర్యాస్తమయం చూసుకుని పోదామని వచ్చారు” అన్నాడు.

చెప్పాలని ఆమెకూ లేదు. చెబితే ‘అయ్యో, ఇంటికెళ్ళమ్మా’ అంటారు. స్కోపు పెట్టెలోనే ఉండిపోతుంది. అదీగాక, ఆ మాట పైకి అంటే అదే ఖాయమైపోతుందేమోనని లోపల ఒక భయం.

భార్యేమో రిటైరైన హెడ్మిస్ట్రెస్. భర్త రైల్వేలో చేసి దిగిపోయినాయన. ఇద్దరికీ ఒకే రకం గుడ్డ టోపీలు. పెద్దాయనకు ప్రతిదానికీ ఒక జోకు ఉండేది. టిఫిను తిన్నారు, కాఫీ తాగారు, మందులు వేసుకున్నారు, మళ్ళీ కాఫీ తాగారు. పిట్టలమ్మ వరండాలో ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడింది.

“బయల్దేరదామాండీ? ఎండెక్కితే పిట్టలు ఉండవు.”

“పిట్టలు ఎక్కడికి పోతాయమ్మా?” అన్నాడు పెద్దాయన.

“పిట్టలు కాక ఇంకేవి పోతాయండీ ఎక్కడికైనా” అందామె. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. పెద్దాయన పడీపడీ నవ్వాడు. “చూశావా, నాకు సరిజోడు దొరికింది” అన్నాడు భార్యతో.

మడ చెట్ల పక్కన బురద దారిలో నడిచారు. హెడ్మిస్ట్రెస్‌కు తొందరన్నదే లేదు. పొద మీద లకుముకి పిట్ట కనిపిస్తే అది ఎగిరిపోయేదాకా కదలలేదు. అది చేపను పట్టింది, కొమ్మకేసి బాదింది, తలకిందులుగా తిప్పింది, మింగింది. అంతా చూసి, “ఎంత శ్రద్ధో!” అని మురిసిపోయింది. గూడబాతులు వరసగా నీళ్ళ మీద దిగితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి ఆగింది. తల మీదుగా ఎగిరిపోయిన తెల్లటి కత్తెరతోక పిట్టల దాకా పిట్టలమ్మ పేర్లు చెబుతూనే ఉంది. నోరు దాని పని అది చేసుకుపోతోంది, చెవులు మాత్రం రేవు వైపే ఉన్నాయి. ఎక్కడైనా ఇంజను చప్పుడు వినబడితే మాట మధ్యలో ఆపి అటు తిరిగేది.

టవరు దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి, మూడు కాళ్ళ స్టాండు మీద స్కోపు బిగించి, మడుగు వైపు తిప్పాడు. ఇద్దరూ వంతులేసుకుని కొంగలను చూడసాగారు.

“అండీ, ఒక్కసారి ఇటు సముద్రం వైపు తిప్పుదామా?”

“అటేముందమ్మా, నీళ్ళేగా!”

“సముద్రపు పిట్టలుంటాయి.”

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. సముద్రం మొత్తం రేకులా మెరుస్తోంది. “ఈ వెలుగులో ఏం కనబడుతుంది? లెన్సు కూడా పాడవుతుంది. సాయంత్రం చూద్దాంలే, ఎలాగూ సూర్యాస్తమయానికి ఇక్కడే కదా మనం” అంటూ స్కోపు విప్పి పెట్టెలో సర్దేశాడు. ఆ పెట్టె మూత క్లిక్కుమన్న చప్పుడుకు పిట్టలమ్మ చెప్పెయ్యాలని నోరు తెరిచింది. మేనేజరు మాటా, తన భయమూ రెండూ కలిసి ఆపేశాయి. సాయంత్రం ఎంతో దూరం లేదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

తెచ్చుకున్న డబ్బాలు విప్పి భోంచేశారు. టవరు కింద నీడలో చాప పరుచుకుని ముసలివాళ్ళిద్దరూ నడుం వాల్చారు. పెద్దాయన గురక మొదలైంది. పిట్టలమ్మ ఒక్కతే మళ్ళీ పైకెక్కింది. బూజు పట్టిన అద్దం వైపు కన్ను మూసుకుని, ఒంటికన్నుతో సముద్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు వెతికింది. వెలుగు కళ్ళలో పొడిచింది. కన్ను నీరు కారితే తుడుచుకుని మళ్ళీ చూసింది. అలలు, మెరుపులు, అంతే. ఎక్కడో ఏదో కదిలినట్టనిపించేది. నిలకడగా చూస్తే ఏమీ ఉండేది కాదు.

అప్పుడే ఫోను మోగింది. రేవు నుంచి డీజిలు మామ. అతని ఒంటి నుంచి ఎప్పుడూ డీజిలు వాసన వస్తుంది కాబట్టి ఆ పేరు.

“వెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చినయ్ అమ్మాయ్. దక్షిణాన ఏం లేదు. ఆయిలు కొట్టించుకుని మళ్ళీ పోతాం.”

“ఎటు పోతారు మామా?”

“ఎటని పోవాలో నువ్వే చెప్పు” అన్నాడు. ఎటు పోవాలో తెలియని చోటికి వచ్చేశారన్నమాట.

ఎండ చల్లబడ్డాక దంపతులు లేచారు. ఫ్లాస్కులో టీ తాగారు. ఈసారి పిట్టలమ్మ ఆగలేదు. అసలు సంగతి చెప్పకుండా స్కోపును సముద్రం వైపు తిప్పించే దారి ఆమెకు ఒకటే తోచింది. అబద్ధమాడింది.

“ఈ కాలంలో ఇక్కడికి ఒక అరుదైన పిట్ట వస్తుందండీ. సముద్రం మీదే ఉంటుంది, ఒడ్డుకు రాదు. నల్లగా, పెద్దగా, రెక్కలు విప్పకుండా నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. నేనే రెండుసార్లు చూశాను. సూర్యుడు దిగేటప్పుడైతేనే కనబడుతుంది.”

హెడ్మిస్ట్రెస్ కళ్ళు మెరిశాయి. “పేరేంటమ్మా?”

“మా ఊళ్ళో... తేలుడు పిట్ట అంటారు.”

“ఇంత చదివాం, ఈ పేరు ఎక్కడా తగల్లేదే!” అంటూ ఆవిడ స్వయంగా స్కోపు సముద్రం వైపు తిప్పింది. పెద్దాయన తన బైనాక్యులర్స్ తీశాడు. లేని పిట్ట కోసం ముగ్గురూ కళ్ళలో వత్తులు వేసుకుని వెతకసాగారు. హెడ్మిస్ట్రెస్ వెతుకుడు చూస్తే ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల మీద జాలేస్తుంది. పరీక్ష పేపరు దిద్దినట్టు సముద్రాన్ని వరసలుగా విడగొట్టుకుని, ఒక వరస అయ్యాక ఇంకో వరస చూసింది. మధ్యమధ్య పిట్టలమ్మకు కూడా చోటిచ్చింది.

వెనక మడుగు వైపు సూర్యుడు కిందికి జారాడు. మెరుపు తగ్గి సముద్రం కంచులా నున్నబడింది. అంతదాకా కనబడని చిన్న చిన్న అలల నీడలు కూడా తేటగా కనిపించాయి. “అబ్బ, ఏం అందం!” అన్నాడు పెద్దాయన. పిట్టలమ్మ మాత్రం ఆ ఎరుపు ఎంతసేపు నిలుస్తుందో లెక్కేసుకుంది. ఇంకాసేపట్లో అది కూడా ఉండదు.

“తేలుడు పిట్ట లేదు కానీ,” అంది హెడ్మిస్ట్రెస్, కన్ను తియ్యకుండానే, “కత్తెరతోక పిట్టలున్నాయి. పొద్దున నువ్వు చూపించావే, తెల్లవి. ఐదో ఆరో వరసగా నిలబడ్డాయి.”

“ఎక్కడండీ?”

“నీళ్ళ మీద.”

ఆ పిట్టలు ఎగురుతాయి, నిట్టనిలువునా నీళ్ళలోకి దూకుతాయి, మళ్ళీ లేస్తాయి. నీళ్ళ మీద నిలబడవు. కాలు ఆనడానికి ఏదో ఒకటి ఉంటేనే నిలబడతాయి.

హెడ్మిస్ట్రెస్‌ను దాదాపు పక్కకు తోసి ఆమె స్కోపుకు కన్ను ఆనించింది. ఈశాన్యం వైపు, ఎవరూ వెతకని వైపు, పిట్టల కాళ్ళ కింద నల్లటి గీత ఒకటి అలతో పాటు లేస్తోంది, దిగుతోంది. బోర్లాపడిన పడవ అడుగు. దాని ఒక చివర ఏదో ముద్దలా ఉంది. ఆ చివర మాత్రం పిట్టలు వాలలేదు. ముద్ద కదిలింది.

పిట్టలమ్మ నోటి నుంచి వచ్చిన కేకకు కింద కొంగలన్నీ లేచిపోయాయి.

“మా ఆయనండీ! మా ఆయన, మా మరిది. నిన్నటి నుంచి ఇంటికి రాలేదండీ. పిట్టా లేదు ఏమీ లేదు, నేను అబద్ధం చెప్పాను.”

ముసలివాళ్ళిద్దరూ కొయ్యబారిపోయారు. ముందుగా తేరుకున్నది హెడ్మిస్ట్రెస్. “ఫోన్ చెయ్యి. ముందు ఫోన్ చెయ్యి, తర్వాత ఏడుద్దువుగాని” అని గద్దించింది. ఎటు పోవాలో తేలక డీజిలు మామ ఇంకా రేవులోనే ఉన్నాడు. పెద్దాయన జేబులోంచి దిక్సూచి తీసి దిక్కు చూసి చెబితే, పిట్టలమ్మ అది ఫోనులో అరిచి చెప్పింది. పడవ రేవు దాటి కనిపించాక, ఇంకాస్త కుడికి, ఇంకాస్త అని దారి చూపించింది, సిగ్నలు పోయేదాకా.

“ఎంతమంది ఉన్నారమ్మా?” అడిగాడు పెద్దాయన మెల్లగా.

హెడ్మిస్ట్రెస్ స్కోపులోంచి చాలాసేపు చూసింది. “ఒక్కరే కనిపిస్తున్నారు” అంది.

పిట్టలమ్మ మళ్ళీ చూసింది. చొక్కా లేని ఒళ్ళు, వంగిన వీపు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పోత. వెనక నుంచి చూస్తే పక్కింటివాళ్ళు కూడా ఒకరనుకుని ఇంకొకర్ని పిలిచేవాళ్ళు. ‘ఇటు తిరుగు, ఒక్కసారి ఇటు తిరుగు’ అని ఆమె పళ్ళ బిగువున గొణిగింది. మనిషి తిరగలేదు. సూర్యుడు మునిగాడు. గీత, పిట్టలు, మనిషి అన్నీ ఒకే నలుపులో కలిసిపోయాయి.

అప్పుడు ఆమె లోపల ఒక మాట పుట్టింది. నా మొగుడే అయ్యుండాలి. అంతే, అంతకు మించి ఏమీ అనుకోలేదు. కానీ ఆ మాటకు ఇంకో సగం ఉందని ఆమెకు తెలుసు. ఆ సగం పేరు చిన్నది.

రేవులో జనం పోగయ్యారు. అత్త ఇసుకలో చతికిలబడి ఉంది. చిన్నది మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. పిట్టలమ్మను చూడగానే పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వే చూశావంట కదా అక్కా! ఇద్దరూ ఉన్నారా?”

“పడవ కనబడింది.”

“ఇద్దరూ ఉన్నారా అక్కా?”

“దూరంగా ఉందే. సరిగ్గా తెలియలేదు.”

చిన్నది ఆమె కళ్ళలోకి చూసింది. పట్టుకున్న చేతులు మెల్లగా వదిలింది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు కానీ ఒకరి భుజం ఒకరికి తగలకుండా నిలబడ్డారు. ఆ కాసేపు వాళ్ళు తోడికోడళ్ళు కారు, అక్కాచెల్లెళ్ళు కారు. ఒకే మనిషి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు.

ఇంజను చప్పుడు వినిపించింది. దీపం కనిపించింది. పడవ ఇసుకకు తగలకముందే నలుగురు దూకి లాగారు. దుప్పటి కప్పిన మనిషిని డీజిలు మామ చంకల కింద పట్టుకుని దింపాడు. ఎవరో టార్చి వేశారు. ఉప్పు పేరుకున్న మొహం, పగిలిన పెదాలు.

పిట్టలమ్మ మొగుడు.

ఆమె అరిచింది. అది ఏడుపు కాదని అక్కడున్న ప్రతి మనిషికీ తెలిసింది. మెడ పట్టుకుని వేలాడింది, మొహమంతా తడిమింది. ఆమె వెనకనుంచి చిన్నది నడిచి వెళ్ళి పడవ అంచు పట్టుకుంది. లోపలికి వంగి చూసింది. వలల కుప్ప ఎత్తి చూసింది. టార్పాలిన్ ఎత్తి చూసింది. తిరిగి వచ్చి నిలబడి, మామూలు గొంతుతో అడిగింది.

“బావగారూ, మీ తమ్ముడేరీ?”

అతను ఇసుకలో కూలబడ్డాడు. మాట మొదలయ్యాక ఆగలేదు.

“మధ్యాహ్నం దాకా నాతోనే ఉన్నాడు. గట్టిగా ఉన్నాడు, నన్నే తిట్టి తిట్టి మేలుకొలిపాడు. మధ్యాహ్నం మాకు టవరు కనబడింది. వదిన అక్కడే ఉంటదిరా, చూస్తదిరా అన్నాను. చొక్కాలు విప్పి ఊపాం. చేతులు పడిపోయేదాకా ఊపాం. ఎవరూ చూళ్ళేదు. నేను ఈది టవరు దగ్గరికి పోతా అన్నాడు. వద్దురా అన్నా. కాలు పట్టుకున్నా. విదిలించుకుని దూకాడు. కొంత దూరం తల కనబడింది.”

పిట్టలమ్మ చేతులు అతని మెడ మీదే ఉన్నాయి. తియ్యాలో ఉంచాలో ఆమెకు తెలియలేదు.

జనం వెనక నిలబడ్డ హెడ్మిస్ట్రెస్ టోపీ తీసేసింది. మధ్యాహ్నం తాము ఎక్కడున్నదీ, స్కోపు ఎక్కడున్నదీ ఆవిడకు అప్పుడే అర్థమైంది. పిట్టలమ్మ దగ్గరికి వచ్చి, “మాకెందుకు చెప్పలేదమ్మా?” అంది. నింద లేదా గొంతులో. ప్రాధేయపడుతున్నట్టుగా అడిగింది.

ఆ రాత్రే టార్చీలు పట్టుకుని తీరం వెంట వెతికారు. తెల్లారాక మడ చెట్ల వేళ్ళ మధ్య మరిది దొరికాడు, ప్రాణం లేదు. అది టవరుకు ఎంతో దూరం కాదు. ఈదినంత మేరా ఈది, ఒడ్డు దొరికే వేళకు అలిసిపోయి ఉంటాడని డీజిలు మామ అన్నాడు. ముసలి దంపతులు ఆ రోజు వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. హెడ్మిస్ట్రెస్ వచ్చి అత్త పక్కన పొద్దుగూకేదాకా నేల మీదే కూర్చుంది. పెద్దాయన గుమ్మం బయట నిలబడ్డాడు. ఆయన దగ్గర ఆ రోజు ఒక్క జోకూ లేదు.

తర్వాత ఇంట్లో రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. అన్నాలు వండారు, తిన్నారు. మొగుడు సముద్రం మొహం చూడలేదు. మంచం మీద కూర్చుని తన అరచేతిలోకి చూసుకునేవాడు. చిన్నది ఏడవలేదు. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతామంటే, “కొన్నాళ్ళు పోనివ్వండి” అని పంపేసింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరే ఉన్నారు. చిన్నది బియ్యం ఏరుతోంది. చేటలోంచి తల ఎత్తకుండానే, “అక్కా, ఆ రోజు రేవులో నువ్వేం కోరుకున్నావో నాకు తెలుసు” అంది.

పిట్టలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

“నేనూ అదే కోరుకున్నా. మనిషి దిగుతుంటే, బావగారు కాకూడదని దండం పెట్టుకున్నా. అందుకని నీ మీద నాకేం కోపం లేదు.”

పిట్టలమ్మ పొయ్యి తగ్గించి వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. ఇన్ని రోజులుగా లోపలే దాచుకున్న ఇంకో సంగతి, రేవు సంగతి కంటే పెద్దది, అప్పుడు చెప్పెయ్యాలనుకుంది. “అది కాదే. ఆ మధ్యాహ్నం నేను వాళ్ళకి ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ స్కోపు...”

“వద్దు.”

“ఒక్కసారి విను...”

“వద్దన్నాను కదా!” చిన్నది చేట కింద పెట్టింది. మొహం తెల్లగా పాలిపోయింది. “నాకు తెలుసు. ఊళ్ళో వాళ్ళు చెప్పకుండా ఉంటారా? బావగారి మాటలు నేను వినలేదా? కానీ నీ నోటితో చెప్పకు. నువ్వు చెబితే నేను ఏదో ఒకటి అనాలి. నిన్ను తిట్టాలి, లేకపోతే పర్లేదక్కా అనాలి. రెండూ నా వల్ల కాదు. నాకు ఉన్నది ఈ ఇల్లే. రేపు పొద్దున్నే లేచి నీ మొహం చూడాలి నేను.”

చిన్నది చేటను ఇద్దరి మధ్యకు జరిపింది. పిట్టలమ్మ చెయ్యి చాపి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. పక్కగదిలో మంచం కిర్రుమంది, మొగుడు అటు నుంచి ఇటు ఒత్తిగిలాడు. ఇద్దరిలో ఎవరూ తల తిప్పలేదు.